అద్దె కట్టిన ఆనవాలు



ఒక శనివారం మధ్యాహ్నం ఒక అబ్బాయి మా ఆఫీసుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. బ్యాంకు యాప్ తెరిచి ఉంది. ప్రతి నెలా రెండో తారీకునో మూడో తారీకునో 540 డాలర్లు పంపిన గుర్తులు. వేలితో తోస్తూ వెనక్కి వెనక్కి పోతున్నాడు. 38 నెలలు. ఒక్క నెల తప్పలేదు, ఒక్క డాలరు తగ్గలేదు. ఆ డబ్బు అందుకున్న మనిషి పేరు ఆ ఫోన్‌లో 'రూమ్ అన్న' అని ఉంది.

"మూడేళ్ల పైన అద్దె కట్టానక్కా. ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు.

ఏం కావాలో చెప్పడానికి నాకు మనసొప్పలేదు. ఆ ఫోన్‌లో అబద్ధం ఏమీ లేదు. ఇతను ఒక మనిషికి నెలనెలా డబ్బు పంపాడని అది చెబుతోంది, అంతవరకే. ఆ డబ్బు అద్దె అని అందులో రాసి లేదు. ఏ ఇంటికో లేదు. ఆ అన్న దాన్ని తీసుకెళ్లి అపార్ట్‌మెంట్ ఆఫీసులో కట్టాడని లేదు. ఇంటి లోన్ ఇచ్చేవాళ్లు అడిగేవి సరిగ్గా ఆ మూడే.

నేను టెక్సాస్‌లో, డాలస్ చుట్టుపక్కల, 14 ఏళ్లుగా ఇంటి లోన్ల ఫైళ్లు తయారు చేసే పనిలో ఉన్నాను. ప్రాసెసర్ అంటారు. లోన్ ఇవ్వాలా వద్దా అని తేల్చేది అండర్‌రైటర్. ఆయన ముందు కాగితాలు పేర్చిపెట్టడం నా పని. ఫ్రిస్కోలో, ప్లేనోలో, ఇర్వింగ్‌లో ఇల్లు కొనుక్కుంటున్న మనవాళ్ల ఫైళ్లు చాలా నా చేతుల మీదుగా వెళ్లాయి. వాళ్లలో అద్దె ఎగ్గొట్టిన మనిషిని నేను చూసింది చాలా తక్కువ. అద్దె కట్టినట్టు చూపించలేక తల పట్టుకున్నవాళ్లను మాత్రం ఎంతమందిని చూశానో లెక్క లేదు. ఈ రోజు వాళ్ల గురించి మాట్లాడతాను. ఇక్కడ వింటున్న పిల్లలకీ, అక్కడ విజయవాడలోనో వరంగల్‌లోనో కూర్చుని "మావాడు ఇల్లు కొంటున్నాడట" అని సంబరపడుతున్న తల్లిదండ్రులకీ ఇది పనికొస్తుందని నా నమ్మకం.

ముందు ఒక సంగతి. ఈ దేశంలో మన అప్పుల నడవడిక రాసిపెట్టే సంస్థలు ప్రధానంగా మూడు: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్. క్రెడిట్ కార్డు బిల్లు కడితే ఆ కంపెనీ నెలనెలా వీళ్లకు చెబుతుంది. కారు లోన్ వాయిదా కడితే చెబుతుంది. చదువు లోన్ కూడా అంతే. అద్దె సంగతి మాత్రం ఇంటి యజమాని చెప్పాలన్న నియమం లేదు, చాలామంది చెప్పరు. అద్దె కట్టేవాళ్లలో నూటికి ఐదుగురికి కూడా వాళ్ల క్రెడిట్ రిపోర్టులో అద్దె కట్టిన చరిత్ర కనబడదని 2021లో, బ్యాంకుల నుంచి ఇంటి లోన్లు కొనే ఫ్యానీ మే అనే సంస్థే చెప్పింది.

అదే అద్దె ఎగ్గొడితే? బాకీ వసూలు చేసే ఏజెన్సీకి పోతుంది, అక్కడి నుంచి రిపోర్టులోకి ఎక్కుతుంది, ఏడేళ్లు అక్కడే కూర్చుంటుంది. మంచిగా కట్టిన 38 నెలలు గాలికి పోతాయి, చెడిన ఒక్క నెల రాతిలో చెక్కినట్టు ఉంటుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నా ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. 25 ఏళ్ల పిల్లవాడు నెలకు 80 డాలర్ల కార్డు బిల్లు కట్టినందుకు మార్కులు వేసే లెక్క, జీతంలో మూడోవంతు తీసి ఇంటికి కట్టినందుకు ఏమీ వేయకపోవడం ఏమిటి?

మా నాన్నగారు తెనాలిలో అద్దె ఇంట్లోనే చాలా ఏళ్లు ఉన్నారు. ప్రతి నెలా ఇంటివారి దగ్గరికి డబ్బుతో పాటు ఒక చిన్న పుస్తకం తీసుకెళ్లేవారు. రెవిన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా అడ్డంగా సంతకం చేయించుకుని తెచ్చి, బీరువాలో బట్టల కింద పెట్టేవారు. ఇంటివారు మంచివారే, మాకు దూరపు బంధువులు కూడా. "మనలో మనకి రసీదేమిటి మాస్టారూ" అని ఆయన నవ్వేవారు. నాన్న కూడా నవ్వేవారు గానీ, పుస్తకం మాత్రం చాపేవారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే పిల్లలు కూడా ఆదాయపు పన్నులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు కోసం అద్దె రసీదులు పెడుతున్నారు, ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు కూడా ఇస్తున్నారు. రసీదు అడగడం మనకు కొత్తేమీ కాదు. విమానం ఎక్కి ఇక్కడ దిగి, నలుగురు కుర్రాళ్లు ఒక అపార్ట్‌మెంట్‌లో చేరగానే ఎందుకో ఆ అలవాటు జారిపోతుంది.

2021 సెప్టెంబరులో ఒక మంచి మార్పు వచ్చింది. ఇక్కడ బ్యాంకులు ఇచ్చే ఇంటి లోన్లలో చాలావాటిని ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మ్యాక్ అనే రెండు పెద్ద సంస్థలు కొంటాయి. అందుకే బ్యాంకు ఏదైనా, లోన్ నియమాలు చాలావరకు వాటివే. ఆ ఫ్యానీ మే తన కంప్యూటర్ వ్యవస్థలో అద్దె చెల్లింపులను కూడా లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టింది. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు, నెలకు కనీసం 300 డాలర్ల అద్దె కడుతున్నవాళ్లు, తమ బ్యాంకు ఖాతాలోని 12 నెలల వివరాలు చూడటానికి ఒప్పుకుంటే, నెలనెలా పోతున్న అద్దెను ఆ వ్యవస్థే గుర్తుపడుతుంది. ఇందులో నాకు బాగా నచ్చిన షరతు ఒకటుంది. వరసగా కట్టినట్టు కనిపిస్తే మేలు చేస్తుంది. మధ్యలో ఒక నెల కనబడకపోయినా కీడు చేయదు. అంతకుముందు కుదరదని తేలిన దరఖాస్తుల్లోంచి, గత మూడేళ్లలో సొంత ఇల్లు లేనివాళ్లవి కొన్ని తీసి, వాటికి అద్దె చరిత్ర కలిపి చూస్తే 17 శాతం మందికి లోన్ కుదిరేదని ఆ సంస్థ అప్పుడు చెప్పింది. నూటికి 17 కుటుంబాలు! అంతకుముందు ఎన్నేళ్లు వాళ్లను ఊరికే వెనక్కి పంపామో కదా.

మరుసటి ఏడాది, 2022లో, ఫ్రెడ్డీ మ్యాక్ అదే దారి పట్టింది. ఇంటి లోన్లకు ప్రభుత్వం తరఫున పూచీ ఇచ్చే ఎఫ్‌హెచ్‌ఏ కూడా మొదటిసారి కొనేవాళ్లకు 12 నెలల అద్దె చరిత్రను లెక్కలోకి తీసుకుంటామంది. ఇక్కడ మనవాళ్లకు ఒక హెచ్చరిక. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ అంటే తక్కువ డౌన్ పేమెంట్‌తో, క్రెడిట్ స్కోరు కాస్త తక్కువున్నా కుదురుతుందని స్నేహితులు చెబుతుంటారు. 2025 మే 25 నుంచి హెచ్‌-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఆ దారి మూసేశారు. ఇప్పుడు అది పౌరులకూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ, ఇంకా కొద్దిమందికి మాత్రమే. వీసా మీద ఉన్నవాళ్లకు ఫ్యానీ, ఫ్రెడ్డీ నియమాల కింద వచ్చే మామూలు లోన్ దారి ఉంది. నాలుగేళ్ల కిందటి అన్నయ్య అనుభవాన్ని నమ్ముకుని ఇల్లు చూసుకోవడం మొదలుపెట్టకండి.

అందరికీ ఈ అద్దె గొడవ ఉండదని కూడా చెప్పాలి. కార్డులు నాలుగైదేళ్లుగా వాడుతూ, కారు లోన్ కట్టి, స్కోరు 740 దాటి, ఉద్యోగం నిలకడగా ఉన్నవాళ్ల ఫైల్లో అద్దె రసీదులు చాలాసార్లు ఎవరూ అడగరు. అలాంటివాళ్లు నా మాటలు విని రాత్రంతా పాత లీజులు వెతుక్కోనక్కర్లేదు. అద్దె ప్రాణం పోసేది వేరేవాళ్ల ఫైళ్లకు. వచ్చి రెండు మూడేళ్లే అయినవాళ్లు. అప్పు చేయకుండా బతకడమే గొప్ప అని ఇంట్లో నేర్చుకుని, డెబిట్ కార్డుతోనే గడిపేసినవాళ్లు. ఒకసారి ఉద్యోగం పోయి కార్డు బిల్లు ఆలస్యమై స్కోరు పడిపోయినవాళ్లు. వీళ్ల గురించి కంప్యూటర్ 'నేను తేల్చలేను, మనిషిని చూడమనండి' అంటుంది. దాన్నే మాన్యువల్ అండర్‌రైటింగ్ అంటారు. అప్పుడు ఆ మనిషి మొదట అడిగే ప్రశ్న, "ఇన్నాళ్లూ ఉన్న ఇంటికి అద్దె సరిగ్గా కట్టాడా?" అనే. న్యాయమైన ప్రశ్న. 1,600 అద్దె ఏడాది పొడుగునా తడబడకుండా కట్టిన మనిషి, 2,100 వాయిదా కడతానంటే నమ్మడానికి ఒక ఆధారం ఉంటుంది. నెలకు 540 చూపించి 2,800 వాయిదా కడతానంటే, అండర్‌రైటర్ కనుబొమలు ముడిపడతాయి.

మరి ఏం చూపించాలి? లోన్ దరఖాస్తు ఫారం ఒకటుంది, 1003 అంటారు. అందులోనే రెండేళ్ల చిరునామాలు అడుగుతారు. ప్రతి చిరునామా దగ్గర సొంతమా, అద్దెనా, ఖర్చు లేకుండా ఉన్నారా అని ఒక గడి ఉంటుంది. అద్దె అని టిక్కు పెడితే ఎంత అని రాయాలి. చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. నలుగురు కలిసి ఉన్న ఇంటి అద్దె 2,160 అయితే, కొందరు మొత్తం రాస్తారు, కొందరు తమ వాటా రాస్తారు, ఒకాయన సిగ్గుపడి ఖర్చు లేదని రాశాడు. లీజులో ఏముంది, బ్యాంకులో ఏం పోయింది, ఫారంలో ఏం రాశారు, ఈ మూడూ ఒకే కథ చెప్పాలి. పొంతన కుదరకపోతే అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి.

పెద్ద అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులో లీజు మీ పేరు మీద ఉంటే మీ పని సులువు. మీరు కట్టే వెబ్‌సైట్లోనే లెడ్జర్ ఉంటుంది. లేకపోతే ఆఫీసులో అడిగితే ప్రింటు తీసిస్తారు. ఏ నెల ఎంత వేశారు, ఏ రోజు ఎంత కట్టారు, వరసగా ఉంటుంది. దాంతో పాటు మా వైపు నుంచి వాళ్లకు ఒక ఫారం వెళుతుంది, వెరిఫికేషన్ ఆఫ్ రెంట్ అని. ఎప్పటి నుంచి ఉంటున్నారు, అద్దె ఎంత, 30 రోజులు దాటి ఆలస్యమైన సందర్భాలు ఎన్ని, ఇప్పుడు బాకీ ఏమైనా ఉందా అని అడుగుతారు. ఆ 30 రోజులన్న మాట గుర్తుంచుకోండి. ఐదో తారీకు దాటి ఏడో తారీకున కట్టి, 75 డాలర్లు జరిమానా పడిన నెల గురించి కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఒకతె నాకు తెలుసు. జరిమానా లెడ్జర్‌లో కనబడుతుంది, నిజమే. కానీ లోన్ లెక్కలో ఆలస్యం అంటే 30 రోజులు దాటినది. అదే నెలలోపు కట్టేశారు కదా అమ్మా అంటే, ఆ పిల్ల ముఖంలోకి ప్రాణం వచ్చింది. అలాగని జరిమానాలు పోగేసుకోమని నా ఉద్దేశం కాదు. వరసగా ఆరు నెలలు జరిమానా కనిపిస్తే ఏ అండర్‌రైటరైనా ఎందుకని అడుగుతాడు.

ఓనరు ఒక మామూలు మనిషి అయితే ఆయన రాసిచ్చిన ఉత్తరం ఒక్కటే సరిపోదని అనుకోండి. డబ్బు కదిలిన దారి కూడా చూపించాలి. చెక్కు రాసి ఇస్తే బ్యాంకు స్టేట్‌మెంట్లో చెక్కు నంబరు, మొత్తం మాత్రమే ఉంటాయి, ఎవరికి రాశారో ఉండదు. అందుకని చెక్కు ఫోటో రెండు వైపులా దించి పెట్టుకోవాలి. ముందు వైపు పేరు, వెనక వైపు ఓనరు ఖాతాలో జమ అయిన గుర్తు. బ్యాంకు వెబ్‌సైట్లోనే ఆ బొమ్మలు దొరుకుతాయి. ఖాతా మూసేస్తే మాత్రం ఆ పేజీలు తెరుచుకోవు. పాత బ్యాంకు వదిలి కొత్త బ్యాంకుకు మారేముందు రెండేళ్ల స్టేట్‌మెంట్లు దించుకోకుండా మూసేసి, తర్వాత ఫోన్లు చేసుకుంటూ వారాలు పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. మనీ ఆర్డర్ కొని ఇచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. పోస్టాఫీసు మనీ ఆర్డర్ ఒకటి 1,000 డాలర్లకు మించి ఇవ్వరు కాబట్టి అద్దెకు రెండు కొంటారు. ఓనరు పేరు రాసిన తర్వాత, ఇచ్చేముందు, దాన్నొక ఫోటో తీసుకోండి. చేతిలో మిగిలే చిన్న రసీదు మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు ఏ ఇంటి అద్దెకు వెళ్లిందో ఫోటో చెబుతుంది. జెల్ (Zelle) ద్వారా డబ్బు పంపేటప్పుడు కింద ఒక చిన్న గడి ఉంటుంది. అందులో చాలామంది నవ్వు ముఖం బొమ్మ పెడతారు. 'మార్చి అద్దె' అని, ఇంటి నంబరు వేయండి. పది సెకన్ల పని. నేను చూసిన ఫైళ్లలో ఆ పది సెకన్లు వారాల తిప్పలు తప్పించాయి.

ఇప్పుడు నాకు చెప్పడం కష్టంగా ఉండే భాగానికి వస్తాను. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు, ఇక్కడ డాలస్ వైపు కూడా, మనవాళ్ల ఇళ్లలోనే ఒక గదిలోనో బేస్‌మెంట్‌లోనో పీజీగా ఉండే పిల్లలు చాలామంది. భోజనం, ఇంటర్నెట్ అన్నీ కలిపి నెలకు ఇంత అని, నగదు. ఇంటివాళ్లు మంచివాళ్లే. జ్వరం వస్తే చారు కాచి పెడతారు. కానీ ఆ ఆదాయం పన్ను లెక్కలో చూపించనివాళ్లు, అద్దె ఉత్తరం అడిగితే మొహం మార్చుకుంటారు. "మా పేరు ఎక్కడా రాకూడదు" అంటారు. ఆ పిల్లవాడు నాలుగేళ్లు కట్టినా ఒక్క కాగితం ఉండదు. నగదుకు ఆనవాలు లేదు. ఏటీఎంలో తీసిన 700 డాలర్లు అద్దెకే వెళ్లాయని ఎవరు నమ్ముతారు? అక్కడ నేను చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే చేరే రోజునే అడగండి: "ఆంటీ, చెక్కు ఇవ్వచ్చా, బ్యాంకు నుంచి పంపచ్చా?" అని. కుదరదంటే, ఏడాది రెండేళ్లలో ఇల్లు కొనాలన్న ఆలోచన ఉన్నవాళ్లు, చివరి 12 నెలలైనా లీజు రాసిచ్చే ఇంటికి మారండి. వంద డాలర్లు ఎక్కువైనా సరే.

ఆ కాగితం లేదు కదా అని, తెలిసినవాళ్లెవరితోనో ఉత్తరం రాయించుకుందామనే ఆలోచన దయచేసి మనసులోకి రానీయకండి. "మా కజిన్ ఓనరు అని సంతకం పెడతాడండీ, ఫోన్ వస్తే మాట్లాడతాడు" అని నాతోనే అన్నవాళ్లున్నారు. వాళ్లకు అది చిన్న సాయంలా కనిపిస్తుంది. ఇక్కడి ఫెడరల్ చట్టంలో లోన్ కోసం అబద్ధపు వివరాలు ఇవ్వడం నేరం. శిక్ష 30 ఏళ్ల జైలు, పది లక్షల డాలర్ల జరిమానా దాకా పోవచ్చు. వీసా మీద బతుకుతున్న కుటుంబానికి అంత దూరం కూడా అక్కర్లేదు, అనుమానం ఒక్కటి చాలు. ఇల్లు ఇంకో ఏడాది ఆగి కొనుక్కోవచ్చు.

బంధువుల ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతి మరీ సున్నితం. ఒక జంట ఆడపడుచు ఇంట్లో పైన గదిలో రెండేళ్లు ఉన్నారు. నెలకు 900 డాలర్లు, ఒకటో తారీకు పొద్దున్నే ఆవిడ చేతిలో పెట్టేవారు. ఆవిడ ఉత్తరం రాసిచ్చింది, ప్రేమగా, పూర్తి నిజంగా. లోన్ ఇచ్చేవాళ్లు బంధువుల ఉత్తరం ఒక్కదాన్నే చూసి నమ్మరు. బంధువుకు కట్టిన అద్దె అయితే 12 నెలల చెక్కులు గానీ బ్యాంకు స్టేట్‌మెంట్లు గానీ తప్పనిసరి. "మా వదినను నమ్మరా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది. నేను నమ్ముతాను. ఆ 21,600 డాలర్లు ఆవిడ చేతికి చేరాయని నాకు ఏ సందేహమూ లేదు. కానీ నా నమ్మకానికి ఫైల్లో చోటు లేదు. తోబుట్టువును రసీదు అడగడం ఎవరికైనా ఎబ్బెట్టే, నాకు తెలుసు. అందుకు నాకు తోచిన ఉపాయం చెబుతాను. బ్యాంకులో ప్రతి నెలా అద్దె తనంతట తనే పోయేలా ఒకసారి పెట్టేయండి. అప్పుడు ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. 'మీకు ప్రతి నెలా గుర్తుచేసే శ్రమ ఎందుకు వదినా' అంటే ఆవిడా సంతోషిస్తుంది.

భార్యాభర్తల విషయంలో ఒక్క మాట. లోన్ ఒకరి పేరు మీద, అద్దె పోయే ఖాతా ఇంకొకరి పేరు మీద ఉంటే చిక్కు. కనీసం ఆ ఖాతాలో ఇద్దరి పేర్లూ ఉండేలా చూసుకోండి.

అద్దెను క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కించే సేవలు కూడా ఇప్పుడు చాలా ఉన్నాయి. కాలిఫోర్నియాలో అయితే 15 కంటే ఎక్కువ ఇళ్లున్న కాంప్లెక్సుల యజమానులు, అద్దెదారు కోరుకుంటే సకాలంలో కట్టిన అద్దెను రిపోర్టు చేసే వీలు కల్పించాలని చట్టం వచ్చింది, 2025 ఏప్రిల్ నుంచి అమలు. మీ అపార్ట్‌మెంట్ ఉచితంగా ఇస్తే తీసుకోండి. నెలకు డబ్బు తీసుకునే ప్రైవేటు సేవల దగ్గర మాత్రం నిదానించండి. ఇంటి లోన్లలో ఇన్నేళ్లూ వాడుతూ వచ్చిన పాత రకం స్కోరు, రిపోర్టులో అద్దె ఉన్నా పెద్దగా పట్టించుకోదు. అద్దెను లెక్కించే కొత్త రకం స్కోరు, వాంటేజ్‌స్కోర్ 4.0, ఫ్యానీ, ఫ్రెడ్డీ లోన్లకు వాడుకోవచ్చని 2025 జులైలో ప్రకటన వచ్చింది. మీ బ్యాంకు ఏ స్కోరు చూస్తుందో ముందు అడగండి. నా మట్టుకు నాకు, డబ్బు ఖర్చు లేని 12 నెలల చక్కటి బ్యాంకు స్టేట్‌మెంట్ మీదే గురి ఎక్కువ.

ఇక ఆ అబ్బాయి దగ్గరికి వస్తాను. ఇది వాళ్ల అనుమతి తీసుకునే చెబుతున్నాను, పేర్లూ ఊళ్లూ చెప్పను.

అతని లీజు తెప్పించి చూశాను. సంతకం చేసింది ఆ రూమ్ అన్న ఒక్కడే. మిగిలిన ముగ్గురి పేర్లూ 'ఉండేవాళ్లు' అని కింద రాసి ఉన్నాయి. అదే మాకు మొదటి పట్టు. ఆ ఇంట్లో ఇతను ఉన్నాడని రుజువైంది. లెడ్జర్ వచ్చింది, అందులో ఒక్కడి పేరే. ఇక ఇతని ఖాతాలోంచి వెళ్లిన 540, ఆ లెడ్జర్‌లో పడిన 2,160 లో భాగమని చూపించాలి. చూపించాలంటే మధ్యలో ఉన్న మనిషి బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. 12 నెలలవి, ఏ వరుసా నల్లగా కొట్టేయకుండా.

అది అడగడం ఎంత పెద్ద కోరికో ఆలోచించండి. బ్యాంకు స్టేట్‌మెంట్ అంటే మనిషి జీతం, అప్పులు, ఇంటికి పంపిన డబ్బు, ఆసుపత్రి బిల్లులు, అన్నీ. అప్పటికి ఆ అన్న వేరే రాష్ట్రానికి మారిపోయాడు, పెళ్లయింది, వీళ్లిద్దరూ మాట్లాడుకుని ఐదారు నెలలైంది. అబ్బాయి రెండు రోజులు ఫోన్ చేయలేకపోయాడు. "ఏమని అడగనక్కా" అని నాకే రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడో రోజు రాత్రి చేశాడు. మర్నాడు పొద్దున నేను ఆఫీసుకొచ్చేసరికి 12 స్టేట్‌మెంట్లూ మా సిస్టంలో వచ్చి ఉన్నాయి, కింద ఒక సంతకం చేసిన ఉత్తరంతో సహా. ఏ నెల ఎవరు ఎంత పంపారో, తను ఏ తారీకున కట్టాడో అందులో వరసగా రాశాడు.

వాటిని చదవడం నా ఉద్యోగం కాబట్టి చదివాను. ప్రతి నెలా మూడో తారీకు లోపల మూడు 540లు వచ్చాయి, నాలుగో తారీకున 2,160 పోయింది. తొమ్మిది నెలలు అలాగే. మధ్యలో ఒక మూడు నెలలు మాత్రం రెండు 540లే వచ్చాయి. ఆ ముగ్గురిలో ఒకరి దగ్గర నుంచి రాలేదు. అయినా ఆ మూడు నెలలూ నాలుగో తారీకున పోయింది 2,160. మిగతా 540 ఆ అన్నే వేసుకున్నాడు. సంతకం తనది కాబట్టి చట్టం ప్రకారం మొత్తం బాధ్యత తనదే, అది నిజం. కానీ అతను ఆ సంగతి గదిలో ఎవరికీ చెప్పలేదు. మన అబ్బాయికి తెలియదు. డబ్బు పంపలేకపోయినవాడి ఉద్యోగం ఆ నెలల్లో పోయిందని నాకు తర్వాత ఆ అన్న చెబితే తెలిసింది.

నేను ఆ 12 నెలలనూ ఒక కాగితం మీద వరసగా పేర్చాను. ఎడమవైపు అబ్బాయి ఖాతాలోంచి పోయిన 540, మధ్యలో అన్న ఖాతాలో అదే తారీకున పడిన 540, కుడివైపు లెడ్జర్‌లో జమైన 2,160. లీజు, ఉత్తరం వెనక జత చేశాను. అన్ని అండర్‌రైటింగ్ విభాగాలూ ఇలాంటి దాన్ని ఒప్పుకుంటాయని నేను హామీ ఇవ్వలేను. కొందరు లీజు మీద సంతకం లేకపోతే చూడనే చూడరు. నాలుగు రోజులు జవాబు రాలేదు. ఐదో రోజు వచ్చింది, ఒక్క వాక్యం. అద్దె చరిత్ర 12 నెలలు చూశాము, ఆలస్యాలు లేవు, అని.

ఫోన్ చేసి ఆ వాక్యం అబ్బాయికి చదివి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "అక్కా, అది నాకు పంపిస్తారా? అన్నకి నేనే చదివి వినిపిస్తాను" అన్నాడు.